కంటికి ఆనే తెరా, జేబుకు ఇమిడే ఫోనా?

ఇంటికి విలువైన వస్తువు తెచ్చుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని సంప్రదించుకోవడం మన కుటుంబాలలో తరతరాలుగా ఉన్న మంచి అలవాటు. పెళ్ళి సంబంధమైనా, పొలం బేరమైనా మష్వరా లేనిదే అడుగు ముందుకు వేయం. మరి అరచేతిలో ఇమిడే ఒక ఫోను కోసం కూడా మష్వరా అవసరమా? అవసరమేనని 2008వ సంవత్సరం చివర మా ఇంటికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. స్మార్ట్‌ఫోన్లు మన దేశంలో అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజులవి. నాటి ఫోన్లు నేడు పాత సామాన్ల దుకాణాల్లో కూడా అరుదుగానే కనిపిస్తాయి. కానీ వాటిలో ఒకదానిని ఎన్నుకోవడానికి మేము వేసుకున్న ప్రశ్నలూ, వేసుకోవడం మరచిపోయిన ఒక ప్రశ్నా ఇప్పటికీ పాతబడలేదు. అందుకే ఆ సంగతిని పాఠకులతో పంచుకోదలచాం.

శనివారం ఉత్తరం

మాది కడప. అబ్బా తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. భాయ్‌జాన్ సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో విద్యుత్ పనులు చేసేవారు. విత్తనాల దుకాణాలకు సరుకు ఆర్డర్లు తీసుకునే ఉద్యోగం మాది. వారంలో ఐదు రోజులు మోటారు సైకిలు మీద మైదుకూరు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాళ్ళం.

భాయ్‌జాన్ ప్రతి శుక్రవారం ఇంటికి ఉత్తరం రాసేవారు. అది తపాలాలో వచ్చే ఉత్తరం కాదు, ఈమెయిల్. ఫోనులో మాటలు నిమిషాల లెక్కన తెగిపోతాయి, ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చునని ఆయన అభిప్రాయం. మొదట్లో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో రాసి పంపేవారు. అబ్బా వాటిని చదవడానికి ఒప్పుకోలేదు. "ఇతర భాష అక్షరాలతో నా కొడుకు గొంతు నాకు వినిపించడం లేదు" అనేవారు. దానితో భాయ్‌జాన్ ఇంటర్నెట్‌లో లేఖిని అనే ఉపకరణాన్ని వెతికి పట్టుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతూ పోతే పక్కనే తెలుగు లిపి ప్రత్యక్షమయ్యే ఏర్పాటు అది. 2006 నుంచి ఎందరో తెలుగువారికి కంప్యూటరులో అక్షరాభ్యాసం చేయించినది అదే. అప్పటి నుంచి ఆయన ఉత్తరాలు చక్కని తెలుగులో రాసాగాయి.

ఆ ఉత్తరం చదవాలంటే నెట్ సెంటరుకు వెళ్ళాలి. మా వీధి చివర రెండో అంతస్తులో ఉండేది. మెట్లు ముప్పైనాలుగు. అబ్బాకు మోకాళ్ళ నొప్పులు. ఒక కంటికి శుక్లాల శస్త్రచికిత్స అయింది. అయినా ప్రతి శనివారం అసర్ నమాజు తరువాత మా భుజం పట్టుకుని ఆ మెట్లెక్కేవారు. ఉత్తరం రెండుసార్లు చదివి, పుటకు ఐదు రూపాయలిచ్చి కాగితం మీద అచ్చు తీయించుకుని, ఇంటికి తెచ్చి అమ్మీకి వినిపించేవారు. ఆ కాగితాలన్నిటినీ ఒక ఫైలులో భద్రపరచేవారు. ఇంటి సంగతులు పరాయి తెర మీద, పక్క కుర్చీలోని కుర్రవాడి కంట పడేలా చదువుకోవలసి రావడం ఆయనకు ఇబ్బందిగా ఉండేది. కానీ పైకి చెప్పేవారు కాదు.

ఆ సంవత్సరం బక్రీదుకు భాయ్‌జాన్ సెలవు మీద వస్తున్నారు. నెల రోజుల ముందు ఫోను చేసి ఇలా అన్నారు: "అదనపు గంటలు పనిచేసిన డబ్బు కొంత మిగిలింది. ఇంటర్నెట్ చూసే ఫోను ఒకటి తెస్తాను. పగలు నీ పనికి పనికొస్తుంది, సాయంత్రం అబ్బా ఇంట్లోనే ఉత్తరం చదువుకుంటారు. ఒక్కటే తేగలను. ఏది కావాలో మీరంతా కూర్చుని చెప్పండి."

ఒక్క ఫోను. పగలంతా జేబులో ఉండాలి, సాయంత్రం అది ఒక పుస్తకం కావాలి. మా చిక్కంతా అక్కడే ఉంది.

అప్పుడు మా ముందున్న ఫోన్లు

అరచేతిలో ఇంటర్నెట్ అనే ఆలోచన అప్పటికే పన్నెండేళ్ళ వయసు కలది. నోకియా సంస్థ 1996లోనే 9000 కమ్యూనికేటర్ అనే ఫోనును తెచ్చింది. అది పుస్తకంలా తెరుచుకునేది. లోపల వెడల్పాటి తెర, పూర్తి కీబోర్డు ఉండేవి. బరువు మాత్రం 397 గ్రాములు. అంటే అరకిలోకు నూరు గ్రాములు తక్కువ! తెర పెద్దదైతే బరువు పెరుగుతుంది, బరువు తగ్గితే తెర కుంచించుకుపోతుంది. ఆ పేచీ నాడే మొదలైంది. 2008 నాటికీ అది తీరలేదు.

మేము పత్రికలు తిరగేసి, దుకాణాల్లో అడిగి, చివరకు నాలుగు ఫోన్ల మీద దృష్టి నిలిపాం.

మొదటిది నోకియా ఇ90. పాత కమ్యూనికేటర్ వంశంలో 2007లో వచ్చినది. తెరిస్తే లోపల నాలుగు అంగుళాల తెర. అడ్డంగా 800, నిలువుగా 352 చుక్కలు. అంటే వెబ్ పుటను పక్కకు జరపకుండానే మొత్తం వెడల్పు చూడవచ్చు. కానీ బరువు 210 గ్రాములు, మందం 20 మిల్లీమీటర్లు.

రెండవది నోకియా ఎన్95. ఇదీ 2007లోనే విడుదలైంది. 120 గ్రాములే. కెమెరా, దారి చూపే జీపీఎస్, వైఫై అన్నీ ఉన్నాయి. తెర 2.6 అంగుళాలు. మందం మాత్రం 21 మిల్లీమీటర్లు. బ్యాటరీ సామర్థ్యం 950 మాత్రమే కనుక సాయంత్రం దాకా నిలవడం కష్టమని వాడినవారు చెప్పారు.

మూడవది ఐఫోన్ 3జీ. ఆపిల్ సంస్థ తొలి ఐఫోన్‌ను 2007 జూన్‌లో అమెరికాలో అమ్మకానికి పెట్టినా మన దేశానికి తేలేదు. ఈ రెండవ ఫోను 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వోడాఫోన్ ద్వారా మన దేశంలో విడుదలైంది. తెర 3.5 అంగుళాలు, బరువు 133 గ్రాములు, మందం 12.3 మిల్లీమీటర్లు. మీటలు లేవు. వేలితో తాకితే చాలు. రెండు వేళ్ళు దగ్గరగా ఉంచి విడదీస్తే అక్షరాలు పెద్దవవుతాయి. అంతవరకు ఏ ఫోనులోనూ వెబ్ పుటను అంత హాయిగా చూడలేదన్నది నిజం. ధర 8 జీబీకి 31,000 రూపాయలు, 16 జీబీకి 36,100 రూపాయలు.

నాలుగవది నోకియా ఇ71. అదే ఏడాది జూన్‌లో ప్రకటించారు. ఉక్కు తొడుగు, కేవలం 10 మిల్లీమీటర్ల మందం, 127 గ్రాముల బరువు. ముందువైపే పూర్తి కీబోర్డు. బ్యాటరీ సామర్థ్యం 1500. ధర ఐఫోన్ కన్నా బాగా తక్కువ. లోపమల్లా తెరే. 2.36 అంగుళాలు, 320 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు.

లెక్క వేసి చూశాం. ఐఫోన్ తెరపై 1,53,600 చుక్కలు. ఇ71 తెరపై 76,800. సరిగ్గా సగం. తెర వైశాల్యం చూసినా ఐఫోన్‌ది రెట్టింపుకు మించి ఉంది. చదవడమే ముఖ్యమనుకుంటే తీర్పు అక్కడే వచ్చేసినట్టు. ఇక మోయడం మాటకొస్తే, ఈ రెండింటి బరువులో తేడా ఆరు గ్రాములే. అయినా మోయడం అంటే బరువు ఒక్కటే కాదు. ఎండలో, దుమ్ములో, గతుకుల దారిలో చొక్కా జేబులో ఉండే వస్తువు కింద పడితే ఏమవుతుంది? సాయంత్రం ఏడింటికి దానిలో ప్రాణం మిగిలి ఉంటుందా? మోటారు సైకిలు దిగిన వెంటనే ఒంటి చేత్తో ఆర్డరు రాసుకోగలమా? ఇవీ మోయడంలోని భాగాలే.

పుటకూ బరువుంటుంది

ఫోను బరువు చేతికి తెలుస్తుంది. వెబ్ పుటకు కూడా బరువుంటుందని మాకు తెలిసింది ఆ రోజుల్లోనే.

మన దేశంలో అప్పుడు ప్రైవేటు సంస్థల 3జీ సేవలు లేవు. వాటికి వేలం 2010లో జరిగింది. సేవలు ఆ ఏడాది చివర మొదలయ్యాయి. కాబట్టి ఐఫోన్ 3జీ పేరులో ఉన్న 3జీ కడప వీధుల్లో అలంకారమే. ఏ ఫోను కొన్నా నడవవలసినది పాత దారిలోనే. సెకనుకు 40 కిలోబిట్లు వస్తే అదృష్టం. మూడు వందల కిలోబైట్ల పుట అంటే 2,400 కిలోబిట్లు. అది తెరుచుకోవడానికి పూర్తిగా ఒక నిమిషం పడుతుంది. డబ్బు మాటకొస్తే, మా సిమ్ కార్డుకు పది కిలోబైట్లకు పది పైసలు. అదే పుటకు మూడు రూపాయలు. నలభై పుటలు చూస్తే నూట ఇరవై రూపాయలు కరిగిపోతాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఐఫోన్‌లోని బ్రౌజరూ, నోకియా ఫోన్లలోని బ్రౌజరూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటి లోపలి యంత్రాంగం వెబ్‌కిట్. స్వచ్ఛంద నిపుణులు లైనక్స్ కోసం రాసిన కేహెచ్‌టీఎంఎల్ అనే మూలం నుంచి పుట్టినదది. ఒకే మూలం, రెండు తెరలు. ఒకదానిలో వేలితో సాగదీసుకుంటాం. రెండవదానిలో పుట మొత్తం చిన్న పటంలా కనిపిస్తే, చిన్న మీటతో కావలసిన చోటికి జరుపుకుంటాం. అంటే తేడా చదివే యంత్రంలో కన్నా చూసే కిటికీలోనే ఎక్కువ.

మరొక దారి కూడా ఉంది. నార్వే దేశానికి చెందిన ఒపేరా సంస్థ 2006 జనవరిలో ఒపేరా మినీ అనే బ్రౌజరును ప్రపంచమంతటికీ ఉచితంగా ఇచ్చింది. అది నేరుగా వెబ్‌కు వెళ్ళదు. మనం అడిగిన పుటను ముందు ఆ సంస్థ కంప్యూటరు తెచ్చుకుంటుంది. బొమ్మలను కుదించి, అనవసరమైనది వడగట్టి, చిన్న మూటగా కట్టి మన ఫోనుకు పంపుతుంది. పదోవంతుకు కుదిరితే మూడు రూపాయల పుట ముప్పై పైసలకు వస్తుంది. నిమిషం పట్టేది ఆరు సెకన్లలో వస్తుంది. సామాన్యమైన జావా ఫోనులో కూడా అది పనిచేసేది. ఖరీదైన తెర చేయలేని మేలును ఈ చిన్న ఉపాయం చేసింది. అయితే దాని అసలు విలువ మాకు తరువాత తెలిసింది.

మష్వరా

ఒక ఆదివారం రాత్రి ఇషా తరువాత నలుగురం కూర్చున్నాం. అబ్బా, అమ్మీ, డిగ్రీ చదువుతున్న చెల్లెలు, మేము.

మేము ఐఫోన్ వైపు మొగ్గాం. "అబ్బా, మీ కళ్ళకు ఆనేది ఆ తెర ఒక్కటే. అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. మీ కోసమే కదా భాయ్‌జాన్ తెస్తున్నది" అన్నాం.

అబ్బా తల అడ్డంగా ఊపారు. "నేను వారానికి ఒక ఉత్తరం చదివేవాణ్ణి నాయనా. ఇంట్లో కూర్చునేవాణ్ణి. తెర చిన్నదైతే కంటికి దగ్గరగా పెట్టుకుంటాను. నువ్వు ఎండలో తిరిగేవాడివి. రోజంతా మోసేవాడికి నచ్చినది తీసుకోవాలి" అన్నారు.

ఒకరి అవసరాన్ని మరొకరం వాదించుకుంటూ కూర్చున్నాం. చివరకు అమ్మీ అన్నారు: "ముప్పై ఒక్క వేలంటే వాడు ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఉంటాడు? అది జారి బండ మీద పడితే నీకు తిండి సహిస్తుందా?"

ఆ మాటకు జవాబు లేదు. ఇస్రాఫ్ అంటే పనికిరాని వస్తువు కొనడమేనని మేము అనుకునేవాళ్ళం. పనికొచ్చే వస్తువుకైనా మన స్థితికి మించి వెచ్చిస్తే, అది చేతిలో ఉన్నంతసేపూ మనసుకు భారమేనని ఆ రాత్రి అర్థమైంది. పైగా ఆనాటి ఐఫోన్‌లో రాసినదాన్ని ఒకచోట నుంచి మరొకచోటికి నకలు చేసుకునే వీలు కూడా లేదు. ఆ సదుపాయం 2009 జూన్‌లో గానీ రాలేదు. ఆర్డర్లు రాసుకునేవాడికి అది పెద్ద లోటే. ఇ90 ఇటుకలా ఉందని చెల్లెలు తీసిపారేసింది. ఎన్95 బ్యాటరీ చాలదు. మిగిలినది ఇ71. దానికే అందరం సరేనన్నాం. భాయ్‌జాన్‌కు అదే చెప్పాం.

గడుల వరుస

బక్రీదుకు భాయ్‌జాన్ వచ్చారు. ఫోను వచ్చింది. పండుగ సందడిలో అందరూ దానిని ముట్టుకుని చూశారు. ఉక్కు వీపు చల్లగా, సన్నగా ఉంది. చొక్కా జేబులో పెడితే ఉన్నట్టే తెలియలేదు. మేము అనుకున్నదానికన్నా బాగుంది.

భాయ్‌జాన్ సెలవు ముగించుకుని వెళ్ళిన మొదటి శుక్రవారం రాత్రి ఉత్తరం వచ్చిందని ఫోను చెప్పింది. అబ్బా కళ్ళద్దాలు తుడుచుకుని, దీపం దగ్గరకు జరిగి కూర్చున్నారు. మేము ఉత్తరం తెరిచి ఆయన చేతికిచ్చాం.

తెర నిండా గడులు! వరుస వెంట వరుస, చిన్న చిన్న ఖాళీ చతురస్రాలు. మధ్య మధ్య ఒక చుక్క, ఒక కామా, ఒక అంకె. అక్షరమనేది ఒక్కటీ లేదు.

అబ్బా చాలాసేపు దానివైపు చూశారు. "వాడు రాశాడు గదా? నా కళ్ళదేనా లోపం?" అని అడిగారు. మాకు గొంతు పెగల్లేదు.

ఆ ఫోను సౌదీలో కొన్నది. అరబీ పుట తెరిస్తే కుడి నుంచి ఎడమకు, అక్షరాలు ఒకదానికొకటి కలిసి ముత్యాల్లా కనిపించాయి. ఇంగ్లీషు సరే సరి. మన తెలుగుకు మాత్రం అందులో చోటు లేదు.

కారణం తరువాత తెలుసుకున్నాం. కంప్యూటర్లు అక్షరాలను అంకెలుగా పంపుకుంటాయి. ప్రపంచంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించే యూనికోడ్ పద్ధతిలో 1991 నుంచీ తెలుగుకు స్థానముంది. భాయ్‌జాన్ ఉత్తరం అంకెల రూపంలో ఫోనుకు భద్రంగానే చేరింది. కానీ ఆ అంకెకు ఏ ఆకారం గీయాలో చెప్పే ఫాంటు ఫోనులో లేదు. ఆకారం తెలియనప్పుడు ఖాళీ గడి గీస్తుంది. ఫాంటు ఒక్కటే ఉన్నా చాలదు. "స్త్రీ" అనే ఒక్క అక్షరం వెనుక ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. వాటిని వరుసగా పేర్చితే అక్షరం కాదు. ఏది కిందికి ఒత్తుగా దిగాలో, ఏది పైకెక్కాలో తెలిసిన యంత్రాంగం కూడా ఉండాలి. అరబీకి ఆ ఏర్పాటు చేశారు, ఎందుకంటే ఫోను అరబ్బుల బజారుకోసం తయారైంది. ఆ రోజుల్లో తెలుగు పాఠకుణ్ణి తలచుకున్న స్మార్ట్‌ఫోన్లు బహు తక్కువ.

బరువు తూచాం. మందం కొలిచాం. చుక్కలు లెక్కపెట్టాం. ధర బేరీజు వేశాం. "ఇందులో మన అక్షరం కనిపిస్తుందా?" అన్న ప్రశ్న మాత్రం నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. తెలుగు పండితుని ఇంట్లో!

మరుసటి రోజు అసర్ తరువాత అబ్బా ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని మా భుజం పట్టుకున్నారు. మళ్ళీ ఆ ముప్పైనాలుగు మెట్లే.

చిరునామా గడిలో ఒక మాట

రెండు నెలలు అలాగే గడిచాయి. ఫోను మాకు ఎంతో ఉపకరించింది. ఆర్డర్లు అప్పటికప్పుడు పంపగలిగేవాళ్ళం. ఒకసారి ఛార్జి చేస్తే రెండు రోజులు నిలిచేది. కానీ శనివారం వచ్చిందంటే అది జేబులో ముల్లులా గుచ్చుకునేది.

దారి చూపినది చెల్లెలు. కళాశాల కంప్యూటరు గదిలో ఎవరో చెప్పగా విని వచ్చింది. ఫోనులోని సొంత బ్రౌజరు పక్కన పెట్టి ఒపేరా మినీ ఎక్కించింది. చిరునామా రాసే గడిలో ఒపేరా కాన్ఫిగ్ అనే మాటను, మధ్య రెండు చుక్కలతో, ఇంగ్లీషు అక్షరాలలో కొట్టింది. అమరికల పుట ఒకటి తెరుచుకుంది. అట్టడుగున, క్లిష్టమైన లిపులను బొమ్మలుగా చూపాలా అన్న ప్రశ్న. కాదు అని ఉన్నచోట అవును అని మార్చి భద్రపరచింది.

తరువాత ఉత్తరం తెరిచాం. "అబ్బాకు, అమ్మీకి అస్సలాము అలైకుమ్" అన్న మొదటి వరుస తెలుగులో, ఒత్తులతో, గుడులతో, దీర్ఘాలతో కనిపించింది.

జరిగినదేమిటంటే, ఫోనుకు తెలుగు రాదు కనుక ఒపేరా సంస్థ కంప్యూటరే అక్షరాలను గీసి, వాటిని బొమ్మలుగా పంపింది. ఫోను ఆ బొమ్మలను చూపింది. బొమ్మలు కావడం వల్ల పుట బరువు పెరిగింది, పైసలు కొంచెం ఎక్కువ పట్టాయి. తెర చిన్నదే కనుక వరుసకు మూడు నాలుగు మాటలే పట్టేవి. అబ్బా ఒక చేత్తో భూతద్దం, మరో చేత్తో ఫోను పట్టుకుని చదివేవారు. పుటను కిందికి జరిపే పని చెల్లెలిది. ఆ శనివారం ఆయన మెట్లెక్కలేదు. ఉత్తరం చదవడం ముగించాక, "దీన్ని కాగితం మీద ఎలా తీస్తారు?" అని మాత్రం అడిగారు.

జవాబు రాయడానికి ఫోనులో తెలుగు మీటలు లేవు. దానికి అబ్బాయే ఉపాయం చెప్పారు. ఆయన కాగితం మీద తన చేతిరాతలో ఉత్తరం రాసేవారు. మేము పగటి వెలుతురులో ఫోను కెమెరాతో దానిని ఫోటో తీసి భాయ్‌జాన్‌కు పంపేవాళ్ళం. గుండ్రని ఆ చేతిరాతను దమ్మామ్‌లోని గదిలో తెర మీద చూసి భాయ్‌జాన్ ఎంత ఆనందించారో తరువాతి ఉత్తరంలో రాశారు.

ఉత్తరం ఒక అమానత్

ఈ ఏర్పాటులో ఒక జాగ్రత్త కూడా ఉందని మేము కొంత ఆలస్యంగా గ్రహించాం. ఒపేరా మినీ ద్వారా అప్పుడు చూసే ప్రతి పుటా దారి మధ్యలో ఆ సంస్థ కంప్యూటరు దగ్గర ఆగి వచ్చేది. తాళం వేసి పంపే బ్యాంకు పుట కూడా అక్కడ ఒకసారి విప్పి, కుదించి, మళ్ళీ మూటకట్టి పంపవలసి వచ్చేది. అది సంస్థ చేసే మోసం కాదు, పని జరిగే తీరే అది. కానీ ఇంటి ఉత్తరం కుటుంబం చేతిలోని అమానత్. అది ఏ చేతుల మీదుగా వస్తున్నదో తెలిసి ఉండటం మన బాధ్యత.

అందుకని ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఉత్తరాలు, వార్తలు ఆ బ్రౌజరులో చూడవచ్చు. బ్యాంకు ఖాతా అంకెలు, రహస్య పదాలు ఉత్తరాలలో రాయరాదు. డబ్బు వ్యవహారమేదైనా బ్యాంకుకు వెళ్ళే చూసుకోవాలి. భాయ్‌జాన్ కూడా అలాగే పాటించారు. నెట్ సెంటరులో పక్క కుర్చీలోని మనిషి మనకు కనిపించేవాడు. ఫోనులో పక్క కుర్చీ కనిపించదు, అంతే తేడా.

వేరేది కొని ఉంటే?

తరువాతి కాలంలో మేము చాలాసార్లు ఈ ప్రశ్న వేసుకున్నాం. ఆ రాత్రి అందరం ఐఫోన్‌కే ఒప్పుకుని ఉంటే?

పెద్ద తెర వచ్చేది. పుటలు అందంగా కనిపించేవి. కానీ ఆనాటి ఐఫోన్‌కూ తెలుగు తెలియదు. ఉత్తరం గడులుగానే వచ్చేది, కాకపోతే ఇంకొంచెం పెద్ద గడులు! పైగా గడులను అక్షరాలుగా మార్చిన ఒపేరా మినీ ఐఫోన్‌లోకి ప్రవేశించినది 2010 ఏప్రిల్‌లో. అంటే చదవడానికి అన్నిటికన్నా శ్రేష్ఠమని పేరుపొందిన ఫోనులోనే మా అబ్బా ఆ ఏడాదంతా తన కొడుకు ఉత్తరం చదవలేకపోయేవారు. అలాగని మేము తెలివిగా ఎన్నుకున్నామని చెప్పుకోలేం. మా ఎన్నిక ఫలించినది మా లెక్కల వల్ల కాదు. అల్లాహ్ దయ వల్ల, చెల్లెలి చెవిన పడిన ఒక మాట వల్ల.

ఇప్పుడు ప్రతి ఫోనులోనూ తెలుగు కనిపిస్తోంది. తెరలన్నీ పెద్దవయ్యాయి. 133 గ్రాముల ఐఫోన్‌ను నాడు పెద్ద ఫోను అన్నవాళ్ళం, నేడు అంతకన్నా బరువైన ఫోన్లను రోజంతా మోస్తూ ఆ సంగతే మరచిపోయాం. అయినా పెద్దవాళ్ళకు ఫోను కొనే సమయం వచ్చినప్పుడు మేము దుకాణంలో ముందుగా ధర అడగం. ఇంట్లోనే కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకుంటాం.

దీనిని రోజంతా మోసేది ఎవరు? దీనిలో చదివేది ఎవరు? వారు చదివేది ఏ లిపిలో? వారి సొంత మాటలు దీని గుండా ఎవరి చేతుల మీదుగా వెళతాయి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది దుకాణదారుడు కాదు, ఆ ఫోను వాడబోయే మనిషి. మీ ఇంట్లో వాలిదైన్‌కు ఫోను కొనబోతుంటే పెట్టె కట్టించుకునే ముందు వారు నిత్యం చదివేది ఏదో ఒకటి, బిడ్డ పంపిన సందేశమైనా, దినపత్రికైనా, ఖుర్ఆన్ తెలుగు అనువాదమైనా, ఆ ఫోనులో తెరిచి వారి చేతికివ్వండి. వారిని స్వయంగా రెండు వరుసలు చదవనివ్వండి. అక్షరాలు చాలినంత పెద్దవా, వేలు సరైన చోట ఆనుతోందా, మణికట్టు నొప్పి పుడుతోందా అన్నది ఆ రెండు వరుసల్లోనే తెలిసిపోతుంది. మేము 2008లో చేయవలసి ఉండి చేయని పని అదే.

అబ్బా ఇప్పుడు మా మధ్య లేరు. ఆయన ఫైలు ఉంది. మొదటి సగంలో నెట్ సెంటరులో అచ్చు తీయించిన కాగితాలున్నాయి. తరువాతి సగంలో, ఫోనులో చదివిన ఉత్తరాలను ఆయన తన చేతితో ఎత్తి రాసుకున్న పుటలున్నాయి. ఇ71 దాని పక్కనే బీరువాలో ఉంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది. దానిని అమ్మడానికి మాకు మనసొప్పలేదు.